ఏ హోదాల?

మజహర్ సాబ్‌కు ఈ లోకం మీద ఉన్నది ఒకే ఒక్క అనుమానం: ఎదుటి మనిషి ఏ హోదాలో మాట్లాడుతున్నాడు? పలకరిస్తే పలికే ముందు అదే అడిగేవాడు. తిడితే బాధపడే ముందు కూడా అదే అడిగేవాడు. తుమ్మినా అడుగుతాడని గిట్టనివాళ్లు అంటారు కానీ అది అబద్ధం. తుమ్మును ఆయన వరదలూ పిడుగులూ ఉన్న పద్దులో వేశాడు. వాటికి హోదా అక్కర్లేదు.

చర్ల దాటాక తారు పలచబడి, ఎర్రమట్టి బయటపడి, చివరికి రోడ్డే సిగ్గుపడి అడవిలోకి తప్పుకునే చోట తునికిగూడెం ఉంది. అక్కడ ఒకే ప్రహరీ లోపల హైస్కూలూ, ప్రాథమిక పాఠశాలా, రెంటికీ కలిపి ఒక వంటశాలా ఉన్నాయి. మజహర్ సాబ్ ఆ హైస్కూలుకు జూనియర్ అసిస్టెంటు. తాతల నాటి నుంచీ భద్రాచలంలో దర్జీ పని చేసుకునే కుటుంబం వాళ్లది. దర్జీ ఇంట్లో పుట్టినందువల్లే కాబోలు, ఏ మనిషినీ కొలత తీయకుండా వదిలేవాడు కాదు.

బస్సులో వెనకనున్నవాడు "జర జరుగుండ్రి" అంటే చాలు, మెడ తిప్పేవాడు.

"ఏ హోదాల?"

"ఏంది?"

"కండక్టర్ హోదాలనా, తోటి ప్రయాణికుని హోదాలనా? కండక్టరైతే జరుగు అనొచ్చు. ప్రయాణికుడైతే జరుగుతవా అన్నా అని అడగాలె."

"నా కాలు మీద నిలబడ్డవ్ సాబ్! కాలు ఉన్నోని హోదాల అడుగుతున్న!"

"అవ్, గది సరైన హోదా," అని వెంటనే జరిగేవాడు.

ఏనుగు మీద వేసే అంబారీని కూడా ఉర్దూలో హౌదా అంటారు. ఆ మాటకూ ఈ హోదాకూ చుట్టరికం లేదని పండితులు తేల్చేశారు. వాళ్లు భద్రాచలం నుంచి చర్ల బస్సు ఎక్కి ఉండరు. ఎక్కి ఉంటే, మనిషికి కూర్చోను దొరికిన జానెడు చోటునే హోదా అంటారని తెలిసేది.

బళ్లో ఆయన ధాటికి ఆగినవాళ్లు లేరు. ఇన్‌చార్జి హెడ్మాస్టరు మురళీకృష్ణ మెత్తని మనిషి. ఎవరో శిష్యుడు కానుకిచ్చిన పెన్నుతో ఒక సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు. అది పచ్చ ఇంకు. మజహర్ సాబ్ ఆ చీటీని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికొచ్చాడు.

"సార్, పచ్చ ఇంకు గెజిటెడ్ వాళ్లకు. తమరు ఇన్‌చార్జి."

"పెన్ను గిఫ్టొచ్చింది మజహర్ భాయ్."

"గిఫ్టు తీసుకునే హోదా తమరికి ఉన్నది సార్. దాంతోటి సంతకం పెట్టేది లేదు."

మురళీకృష్ణ ఆ పెన్నుతో ఇంట్లో కిరాణా చీటీలు రాసుకుంటున్నాడని వినికిడి.

వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీ అయిన రోజున బడి విజిల్ బీరువాలోకి పోయింది. "ఊదే హోదా ఉన్నాయన వచ్చేదాంక గిది నిద్రవోతది," అన్నాడు మజహర్ సాబ్. అప్పటినుంచి ఆ ఊరి పిల్లలు కబడ్డీకి వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేస్తారు. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. వేళ్లు ప్రభుత్వ ఆస్తి కావు.

ఒకసారి అటెండరు జంపయ్య మేక తాడు తెంపుకుని నేరుగా ఆఫీసు వరండాలోకి వచ్చింది. మజహర్ సాబ్ కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"వీరు ఏ హోదాల వచ్చిన్రు?"

"మేక హోదాల సార్," అన్నాడు జంపయ్య చేతులు కట్టుకుని.

"మేకకు మైదానం. వరండాకు లేదు. మర్యాదగ తీస్కపో."

చీపురు ఎత్తలేదు, కసరలేదు. మేకనైనా ఆయన 'మీరు' అనే అనేవాడు. హోదా తేలేదాకా ఎవరినీ తక్కువ చేయకూడదని ఆయన నియమం.

ఇన్ని తెలిసినా, ఆ మనిషిని చూస్తే మంగమ్మకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఎదురైతే పక్కకు తప్పుకునేది.

మంగమ్మ ఆ వంటశాలలో వండి పెట్టే కోయ ఆమె. అందరూ "ఓ వంటామె" అని పిలిస్తే, మజహర్ సాబ్ ఒక్కడే "కుక్-కం-హెల్పర్ మంగమ్మ గారూ" అని, రైలు పేరు చదివినట్టు మొత్తం చదివేవాడు. వెక్కిరింత అనుకునేది. వంటకు రోజూ పిల్లల లెక్క చెప్పే వేళ అంత పొడుగు పేరు విని పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు.

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పాసయింది మంగమ్మ. ఆ ఏడాదంతా రోజూ పొద్దున బోర్డు మీద తేదీ రాసే పని ఆమెది. గుండ్రటి అక్షరాలని టీచరు ఏరి ఇచ్చిన పని. తరువాత పంతులమ్మ ట్రైనింగుకు పోదామనుకునేసరికి తల్లి మంచం పట్టింది, తల్లి లేచేసరికి తనకు పెళ్లయింది, పెళ్లి సర్దుకునేసరికి చేతిలో గరిటె ఉంది. ఎవరి మీదా కోపం లేదు. ఒక్కటే మిగిలింది. పొద్దున తొమ్మిది దాటితే కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దగ్గరయ్యేవి, మధ్యలో ఏదో ఉన్నట్టు. బియ్యం చెరుగుతున్నా సరే.

అందుకని వంటశాల గోడ మీద బొగ్గుతో తేదీ రాసుకునేది. మరునాడు తుడిచి మళ్లీ రాసేది. ఒకరోజు రాస్తుండగా వెనక నుంచి వినిపించింది.

"ఏ హోదాల రాస్తున్రు?"

బొగ్గు జారిపోయింది. "బియ్యం... బియ్యం ఏనాటియో ఎరుకుండాలెనని సార్."

మజహర్ సాబ్ గోడను చాలాసేపు చూశాడు. "వంటశాలల తారీకు రాసే హోదా కుక్-కం-హెల్పర్‌కు ఉన్నది," అని తీర్పు చెప్పి, "గానీ, బొగ్గు గోడను ఖరాబు చేస్తది," అని ముఖం చిట్లించి వెళ్లిపోయాడు. మరునాడు బియ్యం బస్తా మీద సగం నిండిన సుద్దముక్కల డబ్బా ఉంది. మీద ఒక చీటీ: 'వంటశాల వినియోగార్థం మాత్రమే.'

ఆ 'మాత్రమే' చూసి మంగమ్మకు ఒళ్లు మండింది. సుద్దముక్క ఇచ్చి మరీ గిరి గీశాడు ఈ మనిషి అనుకుంది.

ఆ వానాకాలం ఒకటో తరగతిలో పందొమ్మిది మంది చేరారు. పదహారుగురు గుంపులనే చిన్న చిన్న అడవి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. ఇంట్లో తెలుగు లేదు. వాళ్లకు పాఠం చెప్పే ఉదయ్ భాస్కర్ మధిర దిక్కు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. టెట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు, పాటలు పాడతాడు, కాగితంతో కొంగలు చేస్తాడు. పిల్లలు కొంగల్ని తీసుకుంటారు. మాట మాత్రం తీసుకోరు. ఆయన మాట్లాడుతుంటే, రేడియో పాడుతుంటే చూసినట్టు మర్యాదగా చూస్తారు.

ఒకరోజు పొద్దున హేమ్లా మనవరాలు లేచి నిలబడింది. హేమ్లా అంటే బడి కమిటీ ఛైర్మన్. సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడ గుడిసె వేసుకున్న ముసలాయన.

"సార్, ఏర్."

"ఏరా?" ఉదయ్ భాస్కర్ కంగారుపడ్డాడు. "వాగు పొంగుతోందమ్మా. అటు ఎవ్వరూ వెళ్ళకూడదు. కూర్చో."

పిల్ల కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది. "సార్, ఏర్."

"వద్దని చెప్పానా? ఏటి దగ్గర ఆటలేంటి? జారితే కొట్టుకుపోతారు!"

మూడోసారి లేచేసరికి ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద వాగు గీశాడు. అందులో మునిగిపోతున్న మనిషిని గీశాడు. పిల్లలు భయపడాలని ఇంకాస్త నీళ్లు గీశాడు. హేమ్లా మనవరాలు ఆ నీళ్లవంక చూసి పెదవులు తడుపుకుంది. ఇంకా చూసింది. భోరుమంది.

వంటశాల కిటికీలోంచి ఇదంతా వింటున్న మంగమ్మ ఇక ఆగలేదు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో చెంబు, తడి కాళ్లతో తరగతిలోకి దూసుకొచ్చింది. పిల్ల చెంబెత్తి గటగటా తాగింది. వెనక నుంచి ఇంకో నాలుగు చేతులు లేచాయి: ఏర్, ఏర్.

"మా మాటల ఏర్ అంటే నీళ్లు సార్," అంది మంగమ్మ ఆయాసపడుతూ. "పొద్దుసంది పాప దూపయి నీళ్లడుగుతాంది. మీరేమో బొమ్మేసి సూపెడ్తున్నరు!"

ఉదయ్ భాస్కర్ తల పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. మంచివాడు కనుక చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగు వారాలు," అన్నాడు. "నాలుగు వారాల నుంచి వీళ్ళకి వాగంటే సరదా అనుకుంటున్నానమ్మా. ఒక పని చేయండి. రోజూ గంటసేపు ఇక్కడికి రండి. నేను చెప్పింది వీళ్ళకి చెప్పండి. ఇదిగో, ఇవాళే మొదలుపెట్టండి."

సుద్దముక్క చాచాడు.

మంగమ్మ గరిటె కిటికీలో పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. బోర్డు మీద మూలన నిన్నటి తేదీ ఉంది. ఆమెకు పాఠం కూడా కనిపించలేదు, పిల్లలు కూడా కనిపించలేదు. నిన్నటి తేదీ కనిపించింది. చెయ్యెత్తి, బోర్డుకు ముక్క ఆనించింది.

"ఏ హోదాల?"

ముక్క విరిగింది. గుమ్మంలో మజహర్ సాబ్.

"నేనే పిలిచాను సాబ్," అన్నాడు ఉదయ్ భాస్కర్ లేచి.

"పిలిచే హోదా తమరికి ఉన్నదా సార్? తమరు డీఎడ్ చేసిన్రు, టెట్ పాసైన్రు, ఆర్డర్ ఉన్నది. బోర్డు తమరిది. ఆమెది వంటశాల."

"దాహానికి నీళ్ళివ్వడానికి కూడా హోదా కావాలా?"

"నీళ్లకు అక్కర్లేదు. సుద్దముక్కకు గావాలె."

మంగమ్మ విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి, గరిటె తీసుకుని బయటికి నడిచింది. ఉదయ్ భాస్కర్‌కు కోపం వచ్చింది. "అయ్యా, మీరు హైస్కూలు ఉద్యోగి. ఇది ప్రైమరీ. మరి మీరు ఏ హోదాలో ఇక్కడ అడుగుతున్నారు?"

ఆవరణంతా చెవి రిక్కించింది. జంపయ్య అయితే గంట కొట్టడమే మరిచిపోయాడు. మజహర్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ప్రశ్న న్యాయమైందే," అని వెళ్లిపోయాడు.

రెండు రోజులు ప్రైమరీ గుమ్మం తొక్కలేదు. మూడోరోజు మురళీకృష్ణ చేత రాయించుకున్న మెమో చేతబట్టుకుని వచ్చి, ఉదయ్ భాస్కర్ ముందు పెట్టాడు: 'ఆవరణ యావత్తుకు సంబంధించిన కార్యాలయ వ్యవహారములు.' కింద నీలం ఇంకు.

"ఇప్పుడు అడుగుతున్న," అన్నాడు. "ఏ హోదాల?"

పిల్లలకు పెట్టేముందు వంట రుచి చూడటం కూడా అప్పుడప్పుడు ఆయన వంతుకొచ్చేది, దానికీ ఒక మెమో ఉంది. ఆ రోజు ఆయన గిన్నెలోకి మాత్రం మంగమ్మ గుప్పెడు ఉప్పు విదిల్చింది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉప్పెక్కువైందా సార్?"

"ఏ హోదాల అడుగుతున్రు?"

"కోపమొచ్చినామె హోదాల."

"అయితే సరిపోయింది," అని గిన్నె ఖాళీ చేశాడు.

ఆ తరువాత ఆయన నడత మారింది. వారానికోసారి చంకలో కాగితాల కట్టతో భద్రాచలం బస్సెక్కడం మొదలుపెట్టాడు. వచ్చి ఎవరితోనూ మాట్లాడడు. తెల్లకాగితం మీద చెయ్యి అడ్డుపెట్టుకుని రాస్తాడు. జంపయ్య వంటశాల దగ్గర చేరి గుసగుసలాడాడు.

"అక్కా, నీ మీదనే రిపోర్టు. పైన నీ పేరే ఉన్నది, నా కండ్లార చూసిన. కుక్-కం-హెల్పర్ మంగమ్మ విషయము అని."

"నిజంగ?"

"నా మేక మీద ఒట్టు."

మంగమ్మ చేతిలోని కందిపప్పు చేటలోనే ఉండిపోయింది. పోయేది వంట పని ఒక్కటే కాదు. ఆ పని ఉంటే ఆ కిటికీ ఉంటుంది. కిటికీ ఉంటే తరగతి వినిపిస్తుంది. బోర్డు అందకపోయినా పరవాలేదు, దాని చప్పుడైనా దక్కుతోంది ఇన్నాళ్లూ.

మరో వారానికి ఇంకా వింత. మజహర్ సాబ్ వానలో గొడుగు పట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో రిజిస్టరు చుట్టుకుని, పోడు చేలల్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. నాట్లేసే చోట బురదలో నిలబడి బడి కమిటీ సభ్యుల్ని ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడట. తన మీద ఊరి చేత వేలిముద్రలు వేయిస్తున్నాడని మంగమ్మకు ఇక అనుమానం లేకపోయింది.

సంత రోజు చర్ల వెళ్లింది. అక్కడే మజహర్ సాబ్ కిరాయి ఇల్లు. ఆయన భార్య దిల్షాద్ గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మంగమ్మ నిలబడే మొత్తం చెప్పేసింది. సుద్దముక్క దగ్గర్నుంచి వేలిముద్రల దాకా. "నా పని తీయొద్దని జర సాబ్‌కు చెప్పమ్మా. ఇగ తరగతి దిక్కు చూడ. కిటికీ మూసుకుంట."

దిల్షాద్ వెల్లుల్లి పక్కనపెట్టింది. "ఆ ఉప్పు వేసింది నువ్వేనా?"

మంగమ్మ తల దించుకుంది.

"బాగ చేసినవ్. ఆ రాత్రంత నీళ్లు తాగుడే. కూచో." ఆమె చాప జరిపింది. "పెండ్లయిన కొత్తల, బూర్గంపాడు దిక్కు ఒక బడిల నేను చదువు జెప్పిన. తెలుసా నీకు?"

"లేదమ్మా."

"నాలుగేండ్లు. జీతం లేదు, ఆర్డర్ లేదు. పంతుళ్లు తక్కువున్నరు, చెప్పుమన్నరు, చెప్పిన. నాకంటె పొడుగున్న పోరగాండ్లు గూడ టీచరమ్మా అని లేచి నిలబడేటోళ్లు. ఒకనాడు తనిఖీకి ఒకాయన వచ్చిండు. బోర్డు కాడ నన్ను చూసి, మంచిగనే అడిగిండు పాపం. అమ్మా, మీరు ఏ హోదాల చెప్తున్రు అని." దిల్షాద్ నవ్వింది. "నాకు జవాబు దొరకలే మంగమ్మా. నలభై మంది పిల్లలు నా నోటి దిక్కు చూస్తున్నరు. సుద్దముక్క బల్ల మీద పెట్టి ఇంటికొచ్చిన. మీ సాబ్ అదే బడిల గుమాస్తా. ఆయనకు గూడ దొరకలే. అప్పటిసంది దేవులాడుతున్నడు. కనవడ్డోళ్లనల్లా ముందుగాల తనే అడుగుతడు. పైనోడు వచ్చి అడిగేటప్పటికి జవాబు నోట్ల తయారుండాలెనని."

లోపలి నుంచి మజహర్ సాబ్ గొంతు వినిపించింది. "కూరల ఉప్పు తక్కువున్నది!"

"ఏ హోదాల అడుగుతున్నవ్?" అని ఇక్కడి నుంచే అరిచింది దిల్షాద్. "మొగని హోదాలనా, జూనియర్ అసిస్టెంట్ హోదాలనా?"

"మొగని హోదాల."

"అయితే తిను."

అసలు సంగతి సోమవారం కమిటీ మీటింగులో బయటపడింది. మజహర్ సాబ్ భద్రాచలంలోని ఆఫీసుకు మొదట రాసిన ఉత్తరంలో ఉన్నది ఒకే ప్రశ్న: 'కుక్-కం-హెల్పర్ అను పదములో కుక్ అనగా వంట. మరి హెల్పర్ అనగా ఎవరికి హెల్పరు? ఉత్తర్వులో లేదు. తెలుపగలరు.' దానికి జవాబు రాలేదు. రెండో ఉత్తరానికి వచ్చింది: 'ఈ ప్రశ్న మీరు ఏ హోదాలో అడుగుచున్నారు?'

ఆ జవాబు చదివి మజహర్ సాబ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఇన్నేళ్ల సర్వీసులో తనకు తగిన మనిషి ఆ ఆఫీసులో ఎవరో ఉన్నారని తెలిసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకు తిరిగాడు. వాళ్లడిగింది న్యాయం. గుమాస్తాకు అడిగే హోదా లేదు. పిల్లల తల్లిదండ్రులకు ఉంది. తల్లిదండ్రులు అడగాలంటే కమిటీ తీర్మానం కావాలి. తీర్మానానికి కోరం కావాలి. కోరమంతా నాట్లలో ఉంది. అందుకే బురద.

"కోరమంటే ఏంది సార్?" అని అడిగింది మంగమ్మ, గుమ్మం బయట నిలబడి. కమిటీ గదిలోకి రావడానికి తనకు హోదా ఉందో లేదో తేలక.

"ఉండాల్సినోళ్లు ఉండుడు," అన్నాడు మజహర్ సాబ్.

ఛైర్మన్ హేమ్లా బొటనవేలికి సిరా రాసుకుని, కోయలో ఏదో అని, ముద్ర వేశాడు.

"ఏమన్నడు?" అని అడిగాడు మజహర్ సాబ్.

మంగమ్మ గొంతు సవరించుకుంది. "నా మనవరాలు నీళ్లడిగితే నీళ్లని తెలిసే మనిషి గావాలె, దానికిన్ని కాయితాలెందుకు అంటున్నడు సార్."

"ఏ హోదాల అంటున్నడు?"

"తాత హోదాల."

"రాసుకున్న," అన్నాడు మజహర్ సాబ్. నిజంగానే రాసుకున్నాడు.

పది రోజులు తిరిగాక కాగితం వచ్చింది. ఉపాధ్యాయుడు తరగతిలో ఉండగా, ఆయన పర్యవేక్షణలో, వంటకు ఇబ్బంది లేకుండా, రోజుకు ఒక గంట భాషాసాయం చేయడానికి అభ్యంతరం లేదు. దాన్ని వంటశాల గడప దగ్గర నిలబడి మూడుసార్లు చదివి వినిపించాడు మజహర్ సాబ్.

"చెవిన పెట్టుకోండ్రి. పాఠం సార్ చెప్తడు. మీరు చెప్పొద్దు. మీరు మాట మోస్తరు. బావి కాడికెంచి వంటశాలకు నీళ్లు మోసినట్టు, ఆయన నోట్లకెంచి పిల్లల చెవులకు. ఒలకొద్దు, కలపొద్దు. మిమ్ముల ఎవరన్న ఏ హోదాల అంటే ఏమంటరు?"

"కుక్-కం-హెల్పర్‌ల హెల్పర్‌ను సార్."

"ఇంకోపాలి."

"హెల్పర్‌ను సార్!"

మజహర్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ జవాబు వినడానికి ఆయన ఎన్నేళ్లు ఆగాడో మంగమ్మకు ఇప్పుడు తెలుసు.

"మరి సార్..." ఆమె వేళ్లు రెండూ దగ్గరయ్యాయి. "తారీకు?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. తేదీ గురించి ఎక్కడా ఏమీ లేదు.

"తారీకు పాఠం కిందికి రాదు," అన్నాడు చివరికి.

ఆ రోజు ఒకటో తరగతి బోర్డు మీద తేదీ అంత పెద్దగా, అంత గుండ్రంగా పడింది కనుక, పాఠానికి చోటు చాలక ఉదయ్ భాస్కర్ సగం గోడ మీద రాశాడు. అప్పటినుంచి బళ్లో ఇంకో ఏర్పాటు కూడా వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ల గంట. గంట మోగగానే పందొమ్మిది గొంతులు "ఏర్!" అంటాయి. వాగు బొమ్మ గీసే అవసరం మళ్లీ రాలేదు.

ఆగస్టు ఆఖర్న మజహర్ సాబ్ రిటైరయ్యాడు. శాలువా కప్పారు. మురళీకృష్ణ మాట్లాడబోతే, "ఏ హోదాల మాట్లాడుతున్రు సార్?" అని ఆయనే అడ్డుపడ్డాడు. "చీవాట్లు తిన్నోని హోదాల," అన్నాడు మురళీకృష్ణ. అందరూ నవ్వారు. బీరువా తాళాలు అప్పజెప్పేటప్పుడు మాత్రం మజహర్ సాబ్ విజిల్ తీసి చూసి, తుడిచి, మళ్లీ లోపలే పెట్టాడు.

మరునాడు పొద్దున ఎనిమిదిన్నర బస్సు ఆయన్ని అలవాటుగా తునికిగూడెంలో దించింది. కాళ్లు గేటు దాకా తెచ్చాయి. అక్కడ ఆగాయి.

"రాండ్రి సార్," అని గేటు తెరిచాడు జంపయ్య.

"ఏ హోదాల రావాలె జంపయ్యా?"

జంపయ్యకు మేక విషయంలో తట్టినంత చురుగ్గా ఇప్పుడు ఏమీ తట్టలేదు. మజహర్ సాబ్ గేటు బయట గొడుగు కింద నిలబడ్డాడు. గంట విన్నాడు, ప్రార్థన విన్నాడు. పదిన్నర బస్సుకు వెళ్లిపోయాడు. మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ. ఎవరైనా పిలిస్తే, "ఇటు పనుండి వచ్చిన," అనేవాడు. అడవిలోకి పోయే ఆ రోడ్డులో బడి తప్ప వేరే పని దొరకదని ఊళ్లో అందరికీ తెలుసు.

తరగతి కిటికీలోంచి మంగమ్మకు గొడుగు కనిపించేది. ఒకప్పుడు వంటశాల కిటికీలోంచి తను బోర్డు వైపు ఎలా చూసేదో, గొడుగు అలాగే చూస్తోంది.

అయిదో రోజు మంగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. వెనక ఉదయ్ భాస్కర్, మురళీకృష్ణ, జంపయ్య, పొలం బురద కాళ్లతో హేమ్లా, ఇంకా కమిటీ వాళ్లూ, అందరి వెనక ఒకటో తరగతి మొత్తం.

"నమస్తే సార్," అంది మంగమ్మ. గొంతు వీలైనంత కరుగ్గా పెట్టుకుని, "ఏ హోదాల నిలబడ్డరు గీడ?"

మజహర్ సాబ్ గొడుగు చేయి మార్చుకున్నాడు. నలభై మంది పిల్లల ముందు దిల్షాద్‌కు దొరకని జవాబు, పందొమ్మిది మంది పిల్లల ముందు ఆయనకూ దొరకలేదు.

"దొరకదని ఎరికే సార్. అందుకే మేమే తెచ్చినం," అని కాగితం ఇచ్చింది.

కమిటీ తీర్మానం. మంగమ్మ చేతిరాతే, ఒక్కో అక్షరం రేగుపండంత. 'రోజూ రెండు పూటలు నీళ్ల గంట కొట్టుటకు గాను శ్రీ మజహర్ గారిని స్వచ్చంద సేవకునిగా కోరడమైనది.' కింద హేమ్లా బొటనవేలు.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ముఖం కనిపించకుండా చాలాసేపు చదివాడు.

"స్వచ్ఛంద కాడ ఛ వత్తు తప్పువోయింది," అన్నాడు కాగితం వెనక నుంచి. "కోరం ఉండెనా?"

మంగమ్మ వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసింది.

"ఉండాల్సినోళ్లల్ల ఒక్కలే తక్కువైన్రు సార్. మీరు లోపలికొస్తే నిండుతది."

మజహర్ సాబ్ గొడుగు మూశాడు. చెప్పులకంటిన మట్టి గేటు కమ్మీకి రాసి శుభ్రం చేసుకున్నాడు. లోపలికి అడుగుపెట్టి, నేరుగా గంట దగ్గరికి నడిచాడు. గడియారం చూసుకుంటే నీళ్ల గంటకు ఇంకా నాలుగు నిమిషాలుంది.

హేమ్లా మనవరాలు ఆగలేక ఆయన లాల్చీ పట్టుకు లాగింది. "ఏర్, ఏర్!"

ఆయన వంగి, కళ్లద్దాలపై నుంచి ఆ పిల్లను చూశాడు. "మీరు ఏ హోదాల అడుగుతున్రు?"

పిల్ల మంగమ్మ వైపు చూసింది. మంగమ్మ ఆ మాటను ఒలకకుండా, కలపకుండా కోయలోకి మోసింది. పిల్ల కాసేపు ఆలోచించి గట్టిగా ఏదో అంది.

"దూప అయినామె హోదాల అంట సార్."

మజహర్ సాబ్ నాలుగు నిమిషాల ముందే గంట కొట్టాడు.